ఎవరూ తప్పుపట్టని లైను

ఇంటర్నెట్ ఆగిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే మీరు ఇప్పుడు మొదట ఏమంటారో నాకు తెలుసు. మోడెం ఆపి, కాసేపాగి, మళ్ళీ వెయ్యమంటారు. మేమూ అదే అనేవాళ్ళం. చాలామందికి దాంతోనే సరిపోయేది. మిగిలినవాళ్ళ కోసమే మాకు జీతాలిచ్చారు. ఫైబర్ అనే గాజు తీగల కాలంలో ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రాగి తీగ మీద ఇంటర్నెట్ లాక్కొచ్చిన మా తరం వాళ్ళకి ఇందులో కొత్తేమీ ఉండదు.

నేను టెలిఫోన్ల శాఖలో బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదులు చూసేదాన్ని. ఇల్లు తాడేపల్లిగూడెం, ఆఫీసు ఏలూరు. నాకు పుట్టుకతోనే కుదురు తక్కువ. పాసింజరు రైలు ఏలూరు ముందొచ్చే దెందులూరు చేరకముందే లేచి తలుపు దగ్గర నిలబడేదాన్ని. ముందు లేచినంత మాత్రాన రైలు ముందు చేరదు కదండీ అని తోటి ఆడవాళ్ళు నవ్వేవారు. చేరదని నాకూ తెలుసు. కూర్చోలేను, అంతే.

ఆఫీసులో నా ఎదుట ఒక కంప్యూటరు తెర ఉండేది. పొద్దున్న ఫిర్యాదులతో నిండి ఉండేది, సాయంత్రానికి ఖాళీ కావాలి. మా పై అధికారి అరిచే మనిషి కాదు. నా కుర్చీ వెనక నిలబడి, "ఇది ఇంకా ఉందేంటండీ?" అని మెత్తగా అడిగేవారు. అరిస్తే నేనూ అరిచి ఊరుకునేదాన్ని. ఆ మెత్తదనానికి మాత్రం తలొంచుకుని ఇంకో ఫిర్యాదు మూసేదాన్ని. ఒక ఫిర్యాదు మూయాలంటే లైన్‌మన్ వెళ్ళి చూసి రావాలి, తర్వాత మేం ఫోన్ చేసి "ఇప్పుడు బాగుందా?" అని అడగాలి. బాగుందంటే, వినియోగదారు సంతృప్తి చెందారు అని టైపు చేసి మూసేస్తాం.

పెదపాడు అవతల, కొల్లేటి వైపు ఊళ్ళన్నీ చూసే లైన్‌మన్ ఒకాయన ఉండేవారు. పెద్దాయన, కొల్లేటి మనిషే, వాళ్ళ అన్నదమ్ములు ఇప్పటికీ చేపల వేట చేస్తారు. ఎవరినీ ఒక్క మాట అనడం నేను వినలేదు. ఏ ఇంటికెళ్ళినా మజ్జిగ ఇచ్చేవారు, ఆయన తాగేవారు. ఆయన వెళ్ళిన ఊళ్ళ నుంచి వచ్చిన ఫిర్యాదులు చక్కగా మూసుకుపోయేవి. ఒక్కటి మాత్రం మూసిన నాలుగు రోజులకే మళ్ళీ తెర మీదికి వచ్చేది. మూస్తాం, వస్తుంది. ప్రతిసారీ వినియోగదారు సంతృప్తి చెందారు అనే ఉంటుంది. అంత సంతృప్తి చెందిన మనిషి మళ్ళీ మళ్ళీ ఎందుకు ఫిర్యాదు చేస్తుందో నాకు అంతుబట్టేది కాదు. మోడెం చూస్తే చవక రకం. ఏలూరు బజార్లో దొరికేవాటన్నిటిలోకీ చవకది. నేరం దాని మీదికి నెట్టేసి ఊరుకున్నాం.

ఒకరోజు ఆ మనిషే నాకు ఫోన్ చేసింది. గొంతు చిన్నది, వయసు ముప్పై లోపు ఉండొచ్చు.

"లైను బాగానే ఉందండీ. ఒక చిన్న సాయం అడుగుదామని చేశాను. మీ ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసుకుని నేనొక పరీక్ష రాసుకోవచ్చాండీ?"

లైను బాగుంటే ఇంట్లోనే రాసుకోవచ్చు కదమ్మా అన్నాను, కాస్త చిరాగ్గానే. ఆమె ఏదో గొణిగింది. ఆ గొంతు వెనక గరగరమని ఒక మోత, తిరగలి తిప్పుతున్నట్టు. నాకు లైన్ల మోతలు తెలుసు. ఇది బాగున్న లైను కాదు. మరి ఇన్నిసార్లు బాగుందని ఎందుకు చెప్పారని అడిగాను.

"ఆ పెద్దాయన ఎండలో అంతదూరం వచ్చారండీ. చెమటలు కారిపోతున్నాయి. బాగుందా అమ్మా అని గుమ్మంలో నిలబడి అడుగుతుంటే, బాగాలేదని మొహం మీద ఎలా అంటామండీ?"

ఫోను పెట్టేసి లేచి గది చుట్టూ తిరిగాను. ముప్పై ఏళ్ళు ఈ జిల్లాలో ఉద్యోగం చేసి, ఇక్కడే పుట్టి పెరిగి, నాకు ఇది తట్టలేదు. మా వైపు పెళ్ళి భోజనంలో పులుసులో ఉప్పు ఎక్కువైనా వడ్డించేవాళ్ళు అడిగితే బ్రహ్మాండంగా ఉందండీ అంటాం. గుమ్మంలోకి వచ్చిన మనిషికి బాగాలేదని చెప్పడం మాకు చేతకాదు. అలాంటి మనుషుల్ని పట్టుకుని బాగుందా అని అడిగి, వాళ్ళ మర్యాదని సాక్ష్యంగా రాసుకుని, తెర ఖాళీ చేసుకుంటున్నాం.

తర్వాత నేనే ఫోన్ చేసి సంగతంతా అడిగాను. ఆ అమ్మాయి ఏలూరులో ఒక ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పినవి టైపు చేసేది. బస్సు ప్రమాదంలో కాలు విరిగి రాడ్ వేశారు. రోజూ బస్సులో నిలబడి వెళ్ళిరావడం ఇక కాదన్నారు. భర్త చేపల లారీ నడుపుతాడు, ఎక్కువ రోజులు రోడ్డు మీదే. ఇంటి దగ్గరే కూర్చుని అదే టైపు పని చేయించుకునే కంపెనీ ఒకటి దొరికింది. కానీ పనిలోకి తీసుకునే ముందు వాళ్ళు ఒక పూట పరీక్ష పెడతారు, రేపు పని చేయబోయే ఇంటి లైను మీదే అది రాయాలి. మొదటిసారి మధ్యలో లైను తెగింది. దయ తలచి ఇంకొక్కసారి ఇచ్చారు. ఇదీ పోతే ఇక లేదు. ఇంటి లైను మీద కాక ఇంకెక్కడ రాసినా చెల్లదని వాళ్ళు తర్వాత చెప్పారట, అందుకని మా ఆఫీసు కుర్చీ కూడా ఆమెకి పనికిరాదు. పరీక్ష ఎల్లుండి. "ఊరికే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కావట్లేదండీ" అంది. ఆ ఒక్క మాటతో నాకు చుట్టం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే లైన్‌మన్ గారి బండి మీద బయలుదేరాను. సంచిలో మా ఆఫీసు మోడెం, ఖరీదైనది, వేసుకున్నాను. చర్చి పక్క సందులో ఇల్లు. గుమ్మం మీద కిందటి క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతోంది. ఇంటి వెనకే చెరువు గట్టు. ఆ అమ్మాయి చేతికర్ర పట్టుకుని లేచి కుర్చీ ఇచ్చింది. నేను కూర్చోకుండా చవక మోడెం పీకేసి మాది పెట్టాను. లైటు పచ్చగా వెలిగింది. లైన్‌మన్ గారు నవ్వారు, చూశారా మేడమ్ గారూ అన్నట్టు. ఇంతలో కాస్త మబ్బు పట్టింది. వెనక చెరువులో ఎవరో ఏరియేటర్లు వేశారు. నీళ్ళు చిలికి చేపలకి గాలి అందించే మోటార్లవి, మీకు తెలిసే ఉంటాయి. అవి తిరగడం మొదలవగానే మా ఖరీదైన మోడెం లైటు కొట్టుకుని ఆరిపోయింది. చవకదాన్ని మళ్ళీ పెట్టాను. అదీ అంతే చేసింది. అయినా ఖరీదైనదాని కంటే ముందే తేరుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టినందుకు సిగ్గేసింది.

ఏలూరు ఎక్స్ఛేంజిలో నా సహోద్యోగికి ఫోన్ చేసి, ఈ లైనుకి వేగం బాగా తగ్గించమన్నాను. మీకు ఇది ఇప్పుడు అక్కర్లేదు గానీ వినండి. మోడెం తనకి చేతనైనంత వేగం అందుకుని పరిగెత్తాలని చూస్తుంది. మోత ఉన్న లైను మీద అలా పరిగెత్తితే పడుతుంది. బియ్యం మిల్లులో నిలబడి ఎవరితోనైనా మాట్లాడాలంటే గబగబా మాట్లాడం, మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా చెబుతాం. మోడెం చేత కూడా అదే చేయించాలి. కస్టమర్లు వేగం తగ్గిందని గొడవ చేస్తారని మేం ఆ పని చేయడానికి భయపడేవాళ్ళం. డాక్టరు మాట విని టైపు చేయడానికి ఆ కాస్త వేగం చాలు. తగ్గించగానే లైటు నిలిచింది. కానీ చెరువులో ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగినప్పుడు మళ్ళీ పడిపోయింది. అంటే తీగ లోపలే ఏదో ఉంది. బాగున్న తీగ ఆ మోటార్ల మోతని తనలోకి రానివ్వదు.

ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఇనప పెట్టె ఉంటుంది. పెద్ద కేబులు నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో జత తీగ అక్కడే విడిపోతుంది. అక్కడ జతలన్నీ పరీక్ష పెట్టాను. కాలవ గట్టు కింద కేబులు అతుకులోకి చెమ్మ చేరి చాలా జతలు పాడయ్యాయి. ఖాళీగా ఉన్నవన్నీ చెడ్డవే. మంచివన్నీ ఎవరో ఒకరి ఇంటికి ఉన్నాయి. ఆ అమ్మాయి జత అన్నిటికంటే పాడు. పక్కనే, ఆమె ఇంటి వెనక చెరువుల యజమాని జత శుభ్రంగా ఉంది. కొత్తగా కలిపినట్టు తీగ మొన మెరుస్తోంది.

నేను లైన్‌మన్ గారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూశారు. ఈ చెడ్డ జత మొదట ఎవరిదండీ అని అడిగాను.

"చెరువుల ఆయనదేనండీ. ఆయన చెరువు గట్టు మీద కెమెరాలు పెట్టుకున్నారు. లైను పడిపోయినప్పుడల్లా ఫోన్ చేసి తిట్టేవారు. కాలవ గట్టు తవ్వుదామంటే ఆఫీసువాళ్ళు మనుషుల్నివ్వలేదు. అందుకని ఆయన్ని ఆ అమ్మాయి జతకి మార్చి, ఆయనది ఆమెకి కలిపానండీ." పెట్టె తలుపు సర్దుతూ, "ఆ అమ్మాయి ఏమీ అనదండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో నాలుగు మాటలు అనేశాను. ఆయన తలొంచుకుని విన్నారు. అంతా అయ్యాక, సాయంత్రానికి మూసెయ్యాలని ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు వచ్చేవి కదండీ అన్నారు, నిష్ఠూరం లేకుండా. నిజమే. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. జిల్లా అంతా చెడ్డ జతలు ఇలాగే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ, చివరికి నోరు మెదపని వాళ్ళ దగ్గర స్థిరపడేవి. మర్యాద ఎంత ఎక్కువుంటే లైను అంత పాడు.

తవ్వడానికి టైము లేదు. జత మారిన సంగతి ఆ అమ్మాయికి చెప్పి, చెరువుల ఆయన ఇంటికెళ్ళి, రేపు ఒక్క పూట మీ జత ఆ అమ్మాయికి ఇవ్వమని అడిగాం. ఆయన లేచి నిలబడి, కాఫీ తెప్పించి, "అయ్యో, దానికేముందండీ, తప్పకుండా" అన్నారు. అంత తొందరగా ఒప్పుకుంటే నాకు నమ్మకం కలగదు. మా వైపు తప్పకుండా అన్న మాటకి చాలా అర్థాలుంటాయి. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పరీక్ష రోజు తెల్లారేసరికి ఆకాశం మూసుకుపోయి ఉంది. మబ్బు రోజున చెరువులో గాలి చాలదు. ఏరియేటర్లు పగలంతా తిరగాల్సిందే. నేను వెళ్ళేసరికి అన్నీ తిరుగుతున్నాయి. లైన్‌మన్ గారు పెట్టె దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఆ అమ్మాయి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. పరీక్షకి ఇంక కొద్ది సేపుందనగా లైన్‌మన్ గారు ఫోన్ చేశారు. చెరువుల ఆయన ఇవాళ వద్దన్నారట. చివరి చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, పనివాళ్ళు తక్కువ, కెమెరా లేకపోతే చూసుకోలేను, ఇంకో రోజు చూద్దాం అన్నారట.

నేను అది చెప్పగానే ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. తర్వాత, నేను చూస్తుండగానే, దాన్ని సర్దుకుంది.

"పోనీలెండి మేడమ్ గారూ. ఆయన చేపలు కూడా ముఖ్యమే కదండీ."

అప్పటిదాకా మీరు అంటున్నదాన్ని, నువ్వులోకి దిగిపోయాను. "నీకు ఇంకో రోజు లేదు కదమ్మా. ఆ సంగతి ఆయనకి తెలుసా? ఎవరైనా చెప్పారా? నువ్వు చెప్పావా?" అన్నాను. గొంతు లేచింది. ఆమె చేతికర్ర తీసుకుని లేచింది. వెనక తలుపు తీసుకుని గట్టెక్కింది. గట్టు బురదగా ఉంది. పట్టుకోబోతే వద్దంది. చెరువుల ఆయన లుంగీ పైకి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఎవరినో ఫోన్లో కేకలేస్తున్నారు. ఆమెని చూసి ఫోన్ దించారు.

"బాబాయ్ గారూ, మీ పాడైపోయిన లైను నాకు కలిపారండీ. నాది మీకిచ్చారు. అప్పటినుంచీ దాంతోనే ఏగుతున్నాను. దానివల్ల ఇంటి దగ్గర చేసుకునే పనికి పెట్టిన పరీక్ష ఒకసారి పోయింది. ఇవాళ మళ్ళీ పోతే ఆ పని ఇంక రాదు. నాకు చాలా కష్టంగా ఉందండీ. నా లైను నాకు కావాలి."

మాట ఎక్కడా ఆగలేదు. అండీలు ఒక్కటీ తగ్గలేదు. తిట్టినా అంత గట్టిగా తగిలేది కాదు.

ఆయన ఆమె కాలు వైపు చూశారు, నా వైపు చూశారు. "నీ లైనా అమ్మా? నాకు తెలీదే. నాది బాగు చేశారనుకున్నాను" అన్నారు. అబద్ధం కాదు. మేం ఆయనకీ చెప్పలేదు. బాగుందా అని అడిగాం, బాగుందన్నారు, మూసేశాం.

ఇంక మాట లేకుండా లైన్‌మన్ గారికి ఫోన్ చేసి మార్చేయమన్నారు. కెమెరా చూసే పని లేకపోతే తనే వెళ్ళి చూసుకుంటానని బండి తీసుకుని చివరి చెరువుకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆమెని గట్టు దింపమని ఒక పనివాణ్ణి పిలిచారు.

ఆమె కుర్చీలో కూర్చునేసరికి లైటు వెలిగింది. పరీక్ష జరిగినంతసేపూ నేను గోడకి ఆనుకుని ఆ లైటు వైపే చూస్తూ నిలబడ్డాను. వెనక ఏరియేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. లైటు ఒక్కసారి మిణుక్కుమంది, మళ్ళీ నిలిచింది. ఆమె తల తిప్పలేదు. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అది అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒడిలో పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోవాలనిపించలేదు. ఆమెకి పని వచ్చింది. చివరి చెరువులో కొన్ని చేపలు పోయాయని, ఎక్కువ దక్కాయని తర్వాత తెలిసింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపితే అబద్ధమవుతుంది. తిరిగొచ్చిన పాడు జతతో చెరువుల ఆయన కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. తర్వాత కెమెరాలు పడిపోతున్నాయని మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టారు, ఈసారి నేరుగా నాకే. ఆయన తప్పేముంది, ఆయన కూడా డబ్బు కడుతున్నారు. లైన్‌మన్ గారు వచ్చి, అదే వీధిలో ఒక రిటైరైన మాస్టారు ఉన్నారండీ, చాలా నెమ్మదస్తుడు అన్నారు. నేను చూసిన చూపుకి వాక్యం పూర్తి చేయలేదు. ఇక జతలు మార్చేది లేదు, కాలవ గట్టు తవ్వాల్సిందే అని పై ఆఫీసుకి రాశాను. రాగి కేబుల్ మీద ఇక ఖర్చు పెట్టొద్దని, ఫైబర్ వచ్చేదాకా ఆగమని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. జవాబే రాలేదు. ఎవరిదో ఒకరి లైను చావాల్సిందే, అది ఎవరిదో నేనే తేల్చాలి. రైల్లో తలుపు దగ్గర నిలబడి రోజూ అదే ఆలోచన.

అప్పుడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పై ఆఫీసుకి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడుతోందట. తన లైను ఇప్పుడు బాగున్నా, అది ఇంకొకరి నష్టం మీద నడుస్తోందని, కేబులు బాగు చేయాలని రాసిందట.

"అందులో బాధ్యులైన ఉద్యోగి ఎవరని అడుగుతున్నారండీ. అది నింపకపోతే ముందుకెళ్ళట్లేదు. మీ పేరు రాయాల్సి వస్తుంది. రాయమంటారా అండీ?"

నా మీద ఫిర్యాదు చేయడానికి నా అనుమతి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. రాయమ్మా అన్నాను.

వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇమ్మన్నారు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాను, ఫైలులో మచ్చ పడితే పెన్షన్ కాగితాలు ఎక్కడ ఆగుతాయో అని భయపడ్డ మాట నిజం. ఆ అమ్మాయి చేత బాగుందనిపించి కేసు మూసేయమని ఆఫీసులో అందరూ ఒకటే సలహా ఇచ్చారు. లైన్‌మన్ గారు కూడా, నా మీద ప్రేమతోనే, ముందుకొచ్చారు.

"నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి అడుగుతానండీ. నా మొహం చూసి ఆ అమ్మాయి అంతా బాగానే ఉందనేస్తుంది. కేసు మూసెయ్యొచ్చు."

అనేస్తుంది కూడా. నాకు తెలుసు. నేను ఆయన్ని వెళ్ళనివ్వలేదు. కూర్చుని, నిజంగా కుదురుగా కూర్చుని, సంజాయిషీ రాశాను. ఫిర్యాదు నిజం, కేబులు బాగాలేదు, ఇన్నిసార్లు బాగుందని మూసినవన్నీ తప్పు, గట్టు తవ్వడానికి మనుషులు కావాలి. అంతే.

నా ఉత్తరాలకి కదలని మనుషులు నా మీద వచ్చిన ఫిర్యాదుకి కదిలారు. గట్టు తవ్వి, అతుకు విప్పి, నీళ్ళు వంపి కొత్తగా కట్టారు. రెండిళ్ళ లైన్లూ నిలబడ్డాయి. మెమో మాత్రం, ఆ అమ్మాయి ఫిర్యాదుతో సహా, నా సర్వీసు రికార్డులో ఉండిపోయింది. పైవాళ్ళని అడిగి తీయించుకోమని చాలామంది చెప్పారు. నేను తీయించుకోలేదు. అన్నేళ్ళ సర్వీసులో మా పని గురించి ఒక వినియోగదారు ఉన్నది ఉన్నట్టు చెప్పిన కాగితం నాకు అదొక్కటే ఉంది.